పంచాయతీ పనుల ఛాయాచిత్రములు – బూడిదరంగు అట్ట

పంచాయతీ చేయించిన పనికి నిదర్శనముగా ఛాయాచిత్రమును జతపరచుట నేడు సర్వసాధారణమైనది. కాని క్రొత్తగా సున్నము వేసిన పాఠశాల గోడ చిత్రములో మాసినట్లును, క్రొత్త తారురోడ్డు వెలిసినట్లును కనిపించుట పలువురు సభ్యులు ఎరిగినదే. లోపము పనిలో లేదు. కెమెరా లెక్కలో నున్నది.

ఎదుట నున్నది సున్నపు గోడయో, నల్లరేగడియో కెమెరాకు తెలియదు. దృశ్యమంతయు సగటున నడిమి బూడిదవన్నె కలదని భావించి అది వెలుగును సరిపెట్టును. అందువలన తెల్లనిది మసకబారును, నల్లనిది వెలవెలబోవును. దీనిని సవరించుటకై ఛాయాచిత్రకారులు చిరకాలముగా వాడుచున్న సాధనమే గ్రే కార్డు, అనగా బూడిదరంగు అట్ట. తనపై బడిన వెలుగులో నూటికి 18 వంతులు మాత్రమే ఇది తిరిగి పంపును.

అట్టను గోడ ప్రక్కన, గోడపై బడు వెలుగే దానిపై బడునట్లు పట్టవలెను. పట్టువాని నీడ పడరాదు, అట్ట తళతళలాడరాదు. కెమెరాలో అట్ట మాత్రమే నిండుగా కనిపించునట్లు దగ్గరకు జరిగి, వెలుగు లెక్కను నిలిపి, పిదప అట్టను తీసి గోడను చిత్రింపవలెను. చాల సెల్‌ఫోనులలో తెరపై అట్టమీద వ్రేలిని కొంతసేపు అదిమి పట్టినచో ఈ లెక్క నిలిచిపోవును. మబ్బు కమ్మినచో మరల మొదటినుండి చేయవలసినదే.

రంగుల విషయము ఇంతకంటె ముఖ్యము. ప్రారంభోత్సవ చిత్రమున పెద్దల ముఖములు ఏ వన్నెలో నున్నను నష్టము లేదు గాని, త్రాగునీటి రంగు తప్పరాదు. మధ్యాహ్నపు ఎండ రంగు సుమారు 5,500 కెల్విన్లు. తీగ బల్బు వెలుగు సుమారు 2,800 కెల్విన్లు, పసుపు వన్నె. చెట్టునీడలో నీలివన్నె హెచ్చు. కెమెరా తనంతట తాను దీనిని సవరింప జూచును గాని తరచు పొరబడును. బల్బు వెలుగున తేటనీరు పసుపెక్కినట్లు తోచవచ్చును. నీడలో చెడిన నీరు తేటగా తోచవచ్చును.

కావున ఫిర్యాదుతో పంపు చిత్రమున గాజుగ్లాసులోని నీటి ప్రక్కనే అట్టను నిలుపవలెను. బూడిదరంగున ఎరుపు, ఆకుపచ్చ, నీలము సమపాళ్లలో నుండును. చిత్రములో అట్టయు పసుపైనచో దోషము వెలుగుది. అట్ట బూడిదరంగుననే యుండి నీరు పసుపైనచో దోషము నీటిది. చిత్రము నందుకొన్న అధికారి అట్టను ఆధారముగా గొని కంప్యూటరుపై రంగులను సరిచేసి చూడవచ్చును.

అట్టకు బదులు తెల్లకాగితము వాడుట మంచిది కాదు. తెలుపు హెచ్చుటకై కలిపిన రసాయనముల వలన అందు నీలిచాయ యుండును. కంటికి బూడిదగా తోచు ఏ అట్టముక్కయు పనికిరాదు. కెమెరా సామగ్రి అమ్ము దుకాణములలో దొరకు అట్టనే కొని, దుమ్ము, ఎండ తగులకుండ కార్యాలయమున భద్రపరచవలెను. చేతిజిడ్డు పట్టినదానిని, వెలిసినదానిని మార్చివేయవలెను.