పిట్ట కొంచెం – కూత ఘనం

ఖమ్మం నుంచి భద్రాచలం వైపు సాగే అడవి సీమలో నేల పైన టేకు, ఇప్ప చెట్లు. నేల అడుగున నల్లబంగారం. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. సింగరేణి బొగ్గు ఎన్నో రైలు ఇంజన్ల ఆకలి తీర్చింది. కాలం మారింది. చిత్తరంజన్ కర్మాగారం 1972లో ఆవిరి ఇంజన్ల నిర్మాణాన్ని ముగించింది. 1995 నాటికి బ్రాడ్‌గేజి మార్గాలపై వాటి నిత్యప్రయాణమూ ఆగిపోయింది. బొగ్గు మిగిలింది; దానిని కదలికగా మార్చిన ఇంజన్ కనుమరుగైంది. ఆ విద్యను నేటికీ చేతులతో నేర్పుతున్నవి అభిరుచి గల నిపుణులు నిర్మించే సూక్ష్మ ఆవిరి ఇంజన్లు.

వీటిలో ‘ట్యాంకు ఇంజన్’ ముచ్చటైనది. దూరప్రయాణపు ఇంజన్ వెనుక బొగ్గును, నీటిని మోసే టెండరు అనే ప్రత్యేక బండి ఉంటుంది. ట్యాంకు ఇంజన్‌కు అది అక్కరలేదు. నీటిని తన తొట్లలో, బొగ్గును వెనుక అరలో తానే మోసుకొంటుంది. అందుకే గనులలో, రేవులలో, యార్డులలో దగ్గరి పనులకు దానిని వాడేవారు.

దీనిని ఎనిమిదోవంతు కొలతలో నిర్మించారనుకొందాం. అది అలంకార వస్తువు కాదు. బ్యాటరీ బొమ్మా కాదు. దాని నిప్పుగూటిలో నిజమైన బొగ్గు మండుతుంది. రాగి బాయిలరులో నీరు మరుగుతుంది. ఆవిరి పిస్టన్‌ను నెడుతుంది, చక్రం తిరుగుతుంది. పని ముగిసిన ఆవిరి పొగగొట్టం గుండా ఎగజిమ్ముతూ పొగను వెంట లాగుతుంది. ఆ లాగుడుకు నిప్పులోకి కొత్తగాలి చేరుతుంది. ఇంజన్ శ్రమించిన కొద్దీ నిప్పు రగులుతుంది.

పెద్ద ఇంజన్‌ను యథాతథంగా కుదిస్తే చాలదా? చాలదు. పొడవు ఎనిమిదోవంతు అయితే ఉపరితలం 64వ వంతు, ఘనపరిమాణం 512వ వంతు అవుతాయి. వేడిని నిలుపుకొనేది లోపలి నీరు, పోగొట్టుకొనేది పైతలం. కనుక నీటితో పోల్చితే చిన్న బాయిలరుకు ఎనిమిది రెట్ల పైతలం ఉంటుంది, త్వరగా చల్లారుతుంది. బాయిలరు లోపలి గొట్టాలను అదే కొలతకు సన్నగా చేస్తే మసితో పూడుకుపోతాయి. నీటిమట్టం చూపే గాజుగొట్టం మరీ సన్ననైతే, కేశనాళికీయత వల్ల నీరు పైకి పాకి తప్పుడు మట్టాన్ని చూపుతుంది. అందుకే నిపుణుడు గొట్టాల సంఖ్య తగ్గించి, లావు పెంచుతాడు. రూపాన్ని కుదించవచ్చు, ప్రకృతి నియమాన్ని కుదించలేము.

చిన్నదని ఆవిరి ఎవరినీ క్షమించదు. నిప్పుగూటి కప్పుపై నీరు తగ్గితే లోహం కాగి బలహీనపడుతుంది. కనుక కొత్త బాయిలరులో నిప్పు వేయకముందే, పనిచేయవలసిన పీడనానికి రెట్టింపు పీడనంతో చల్లని నీటిని నింపి పరీక్షిస్తారు. నీరు దాదాపుగా సంకోచించదు కాబట్టి, అతుకు విడిపోయినా పేలుడు జరగదు. నీరు కారుతుంది, లోపం బయటపడుతుంది.

పాల్వంచలోని థర్మల్ విద్యుత్ కేంద్రంలో నేటికీ బొగ్గు నీటిని ఆవిరిగా మారుస్తూనే ఉంది. అక్కడ ఆ పని గోడల వెనుక జరుగుతుంది. మోకాలి ఎత్తు ఇంజన్ ముందు కూర్చొన్న విద్యార్థి మాత్రం నిప్పును, నీటిమట్టాన్ని, పీడనాన్ని ఏకకాలంలో కనిపెట్టుకొని ఉండాలి. ఏ ఒక్కదానిని మరచినా బండి ఆగిపోతుంది.