మనసు బాగుండడమంటే సంతోషమొక్కటేనా?

"మనసు బాగుందా?" అని ఎవరైనా అడిగితే సంతోషంగా ఉన్నామా లేదా అనే చూసుకుంటాం. ఆ లెక్క చాలదని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త కరోల్ రిఫ్ 1989లో రాశారు. తనను తాను ఉన్నట్లుగా అంగీకరించుకోవడం, నలుగురితో మంచి సంబంధాలు, సొంతంగా నిర్ణయించుకోగలగడం, చుట్టూ ఉన్న పరిస్థితులను చక్కబెట్టుకోగలగడం, జీవితానికొక గమ్యం, ఎదుగుదల - ఈ ఆరూ చూడాలన్నారు.

పరిస్థితులు చేయిజారడమంటే ఏమిటో మన పల్నాడులో మిర్చి వేసినవారికి చెప్పనక్కరలేదు. 2021-22లో నల్ల తామర పురుగు పూతను పట్టి పీల్చింది. ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు. కౌలూ అప్పూ మాత్రం ఆగవు కదా! అంతవరకు అది పంట నష్టమే. కాని "నేనే చేతకానివాణ్ణి" అని రైతు అనుకున్ననాడు మొదటిదీ దెబ్బతింటుంది. అప్పులవాళ్లకు ముఖం చూపలేక రచ్చబండకు, ఆదివారం పూజకు రావడం మానేస్తే రెండోదీ పోతుంది. నా దృష్టిలో అసలు ప్రమాదం ఇక్కడే.

"దిగులుపడకు, అన్నీ సర్దుకుంటాయి" అంటారు ఇంట్లోవాళ్లు. ఆ మాటతో ఆయనకు ఒరిగేదేమీ లేదు. పోయిన పంటను మీరు తేలేరు. పిల్లల చదువు గురించో, పొలం గురించో ఆయన సలహా అడగండి, విని పాటించండి. అప్పుల లెక్క ఇద్దరూ కూర్చుని కాగితం మీద రాసుకోండి. నిద్ర, తిండి మానేసినా, "నేను లేకపోతే" అనే మాట వచ్చినా ఒంటరిగా వదలవద్దు. పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసేయండి. 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో మొదలైన ఈ టెలీమానస్ ప్రభుత్వ సేవ ఉచితం. రాత్రయినా పగలయినా తెలుగులోనే మాట్లాడవచ్చు.