ఒక్కో మనిషికి ఒక ఓటా, ఒక్కో గ్రహానికి ఒక ఓటా?

సోషల్ స్టడీస్ కార్నర్ – 8, 9 తరగతుల తల్లిదండ్రుల కోసం



ఈ నెలలో మీ అబ్బాయో అమ్మాయో స్కూలు నుంచి వచ్చీ రాగానే "నాన్నా, మా గ్రహానికి సీట్లు సరిపోవట్లేదు" అంటే కంగారు పడకండి. అది సినిమా కథ కాదు, సివిక్స్ ప్రాజెక్ట్. మన జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ పిల్లలకు అంతరిక్షం కొత్తేమీ కాదు. 1991లో 'ఆదిత్య 369' చూసిన తరం మీది, 2024లో 'కల్కి 2898 ఏడీ' చూసిన తరం వాళ్లది. ఆ ఊహనే పట్టుకుని ఈసారి ప్రజాస్వామ్యంలో ఒక కష్టమైన ప్రశ్నను పిల్లల ముందు పెడుతున్నాం: ఒకరికొకరు ఏ రకంగానూ సమానం కాని వాళ్లు కలిసి ఒక సభ పెట్టుకుంటే, ఎవరికి ఎన్ని సీట్లు ఇవ్వాలి?

పిల్లలు ఏం చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో, ఇంట్లో మీరు ఎలా సాయం చేయవచ్చో ఈ పేజీలో చెబుతున్నాం.

ప్రాజెక్ట్ ఇదీ

నాలుగు గ్రహాలు కలిసి ఒక కూటమి పెట్టుకున్నాయి. మొత్తం జనాభా 100 కోట్లు. సభలో సీట్లు 100.

• మేరు: 60 కోట్ల మంది. మనలాంటి మనుషులు.
• నీలి: 30 కోట్ల మంది. నీళ్లలో ఉంటారు, 300 ఏళ్లు బతుకుతారు. నూరేళ్లు నిండేదాకా వాళ్ల దృష్టిలో చిన్నపిల్లలే.
• రజని: 9 కోట్ల మంది. తేనెపట్టులో ఈగల్లా అందరిదీ ఒకే ఆలోచన.
• మిణుగురు: ఒక్క కోటి మంది. అయితే అందరి అంతరిక్ష నౌకలకూ ఇంధనం దొరికేది అక్కడే.

తరగతిలో పిల్లలు ముందుగా మూడు పద్ధతులు వేసి చూస్తారు.

మొదటిది, తలకో ఓటు. మేరుకు 60, నీలికి 30, రజనికి 9, మిణుగురుకు 1. లెక్క చక్కగా ఉంది. కానీ మేరు ఒక్కటే చేతులెత్తితే ఏ బిల్లయినా పాసవుతుంది. మిగతా ముగ్గురూ సభకు రావడం దండగ. మిణుగురు ఇంధనాన్ని ఉచితంగా పంచాలని మేరు తీర్మానం చేస్తే, ఆపడానికి మిణుగురు దగ్గర ఉన్నది ఒక్క చెయ్యి.

రెండోది, గ్రహానికి సమానంగా 25 సీట్లు. ఇప్పుడు రజని, మిణుగురు కలిస్తే 50 సీట్లు. అంటే జనాభాలో పదో వంతు ఉన్నవాళ్లు మిగతా 90 కోట్ల మంది కోరుకున్నదాన్ని ఆపగలరు. మేరు పిల్లలకు ఇది ఎలా న్యాయమనిపిస్తుంది?

మూడోది, మధ్యేమార్గం. ప్రతి గ్రహానికీ ముందు 10 సీట్లు ఖాయం. మిగిలిన 60 సీట్లు జనాభా ప్రకారం పంచుతారు. అప్పుడు మేరుకు 46, నీలికి 28, రజనికి 15, మిణుగురుకు 11 వస్తాయి. మేరు ఇక ఒంటరిగా ఏదీ నెగ్గించలేదు, కనీసం ఒక్కరినైనా ఒప్పించాలి. అలాగని దీనికీ ఖర్చు లేకపోలేదు. మేరులో ఒక్కో సీటు వెనుక కోటీ 30 లక్షల మంది ఉంటే, మిణుగురులో దాదాపు 9 లక్షల మందే ఉన్నారు. మిణుగురు వాసి ఓటు మేరు వాసి ఓటుకన్నా సుమారు 14 రెట్లు బరువు తూగుతుంది. చిన్నవాళ్లకు భరోసా ఇవ్వడానికి పెద్దవాళ్లు కట్టే మూల్యం అది. ఎంత మూల్యమైతే సరసం, ఎంతైతే అన్యాయం అన్నదే పిల్లలు వాదించుకోవలసిన విషయం.

ఇంతవరకూ లెక్కల పని. అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. అందరిదీ ఒకే ఆలోచన అయినప్పుడు రజనికి తొమ్మిది కోట్ల ఓట్లా, ఒకే ఓటా? తొంభై ఏళ్ల నీలి 'పిల్లవాడికి' ఓటు ఇవ్వాలా వద్దా? "ఎవరిని ఒకరిగా లెక్కపెట్టాలి?" అన్న ప్రశ్న తేలకుండా సీట్ల లెక్క తేలదని పిల్లలు తామే తెలుసుకుంటారు.

మన వీధిలోనే ఉన్న కూటమి

ఇదంతా ఊహే కదా అనుకోవచ్చు. కానీ ఫిల్మ్‌నగర్‌లో ఉన్న తెలుగు ఫిల్మ్ ఛాంబర్ ఆఫ్ కామర్స్‌ను చూడండి. అందులో నాలుగు సెక్టార్లు ఉన్నాయి: నిర్మాతలు, డిస్ట్రిబ్యూటర్లు, ఎగ్జిబిటర్లు, స్టూడియోల వాళ్లు. నిర్మాతలు చాలామంది, స్టూడియో యజమానులు కొద్దిమందే. తలకో ఓటని వదిలేస్తే స్టూడియోల మాట ఏనాటికీ నెగ్గదు. అందుకే అక్కడ ఎన్నికలు సెక్టార్ల వారీగా జరుగుతాయి, అధ్యక్ష పదవి కూడా సెక్టార్ల మధ్య వంతులవారీగా తిరుగుతుంది. 2023లో నిర్మాతల నుంచి దిల్ రాజు అధ్యక్షుడైతే, 2024లో డిస్ట్రిబ్యూటర్ల నుంచి భరత్ భూషణ్ అయ్యారు. సీట్లు మాత్రమే కాదు, వంతు కూడా ఒక రకమైన ప్రాతినిధ్యమే. మన పిల్లల గ్రహాలకు ఇది పనికొచ్చే ఆలోచన.

ఇక 24 క్రాఫ్ట్స్ సంగతి. కెమెరా, ఎడిటింగ్, మేకప్, కాస్ట్యూమ్స్, లైట్‌మెన్, డ్రైవర్లు, డాన్సర్లు, ఫైటర్లు... ఒక్కో క్రాఫ్టుకు ఒక్కో యూనియన్. అవన్నీ కలిసిందే ఎంప్లాయీస్ ఫెడరేషన్. 2025 ఆగస్టులో 30 శాతం వేతనాల పెంపు కోరుతూ ఫెడరేషన్ పని ఆపితే, రెండు వారాలకు పైగా షూటింగులు నిలిచిపోయాయి. చివరికి దశలవారీ పెంపుతో రాజీ కుదిరింది. లైట్లు వేసేవాళ్లు లేకపోతే ఎంత పెద్ద హీరో ఉన్నా షాట్ ఉండదు. మిణుగురు గ్రహం చేతిలో ఇంధనం ఉన్నట్టే ఇదీ. ఏ నియమావళిలోనూ 'వీటో' అని రాసి ఉండదు, కానీ పని ఆపగలగడమే ఒక వీటో. సభలో మాట దక్కనివాళ్లు సభ బయట ఆ బలాన్ని వాడతారు. కాబట్టి వాళ్లకు లోపలే మాట్లాడే చోటు ఇవ్వడం పెద్దవాళ్లకు కూడా లాభమే.

మన శాసన మండలిలోనూ ఇలాంటి ఆలోచనే ఉంది. తెలంగాణ శాసన మండలిలో 40 సీట్లుంటే, అందులో 3 పట్టభద్రులవి, 3 ఉపాధ్యాయులవి. అంటే ఊరిని బట్టి కాక, చదువును బట్టి, చేసే పనిని బట్టి ఇచ్చిన ప్రాతినిధ్యం.

తాతల కాలంలో తెలుగువాళ్లు వేసుకున్న లెక్కలు

'తక్కువమంది ఎక్కువమందితో కలవాలంటే ఏ హామీ కావాలి?' అన్న ప్రశ్న తెలుగువాళ్లకు కనీసం రెండుసార్లు ఎదురైంది.

మొదటిసారి 1937లో. మద్రాసు నుంచి విడిపోయి ఆంధ్ర రాష్ట్రం కావాలని కోస్తా నాయకులు అడుగుతున్నారు. జనాభాలో తక్కువైన రాయలసీమకు అందులో తన మాట చెల్లుతుందా అన్న భయం. ఆ ఏడాది నవంబర్ 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి ఇల్లు శ్రీబాగ్‌లో ఇరుపక్షాలూ ఒప్పందానికి వచ్చాయి. శాసనసభ జనరల్ సీట్లను జిల్లాలకు సమానంగా పంచాలన్నది అందులో ఒక అంశం. మన ప్రాజెక్టులో రెండో పద్ధతికి దగ్గరగా ఉన్నది అదే. రాజధాని ఒకచోట, హైకోర్టు మరోచోట ఉండాలన్నది ఇంకో అంశం. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు రాజధాని కర్నూలుకు వచ్చింది, హైకోర్టు 1954లో గుంటూరుకు వెళ్లింది. సీట్లతో భరోసా ఇవ్వలేనప్పుడు సంస్థలను పంచుకోవడం మరో దారి అని దీన్నిబట్టి పిల్లలకు చెప్పవచ్చు.

రెండోసారి 1956లో. ఆంధ్ర, తెలంగాణ కలవడానికి ముందు ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. మంత్రివర్గంలో ఆంధ్రకు 60, తెలంగాణకు 40 చొప్పున నిష్పత్తి. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉప ముఖ్యమంత్రి రెండో ప్రాంతం వారు. తెలంగాణకు ప్రాంతీయ మండలి. కాగితం మీద చూస్తే మంచి ఏర్పాటే. కానీ నవంబర్ 1న ఏర్పడిన మొదటి మంత్రివర్గంలోనే ఉప ముఖ్యమంత్రి పదవి లేదు. హామీలు అమలు కాలేదన్న బాధ 1969 ఉద్యమంగా మారింది, చివరికి 2014 జూన్ 2న తెలంగాణ ప్రత్యేక రాష్ట్రమైంది.

ఇందులో ఏ పక్షాన్నీ సమర్థించాలన్నది మా ఉద్దేశం కాదు. మీ ఇళ్లలో రెండు ప్రాంతాల వాళ్లూ ఉంటారు, ఒక్కొక్కరికీ ఒక్కో జ్ఞాపకం ఉంటుంది. పాఠం మాత్రం ఒకటే: నియమం రాస్తే సరిపోదు, నియమం తప్పినప్పుడు ఎవరు అడగాలి, ఎవరు సరిదిద్దాలి అన్నది కూడా రాసుకోవాలి. అందుకే పిల్లల రాజ్యాంగంలో ఆఖరి పేజీ దానికే కేటాయించాం.

ఇప్పుడు దేశం ముందున్న ప్రశ్న

లోక్‌సభలో 543 సీట్లు. తెలంగాణకు 17, ఆంధ్రప్రదేశ్‌కు 25, ఉత్తరప్రదేశ్‌కు 80. రాష్ట్రాలకు ఈ వాటాలు 1971 జనాభా లెక్కల మీద ఆధారపడ్డాయి. జనాభాను అదుపు చేసిన రాష్ట్రాలకు సీట్లు తగ్గకూడదని 1976లో 42వ సవరణతో ఆ లెక్కను నిలిపి ఉంచారు. 2001లో 84వ సవరణ ఆ గడువును 2026 తర్వాత జరిగే మొదటి జనాభా లెక్కల దాకా పొడిగించింది. 2011 లెక్కల ప్రకారం చూస్తే ఉత్తరప్రదేశ్‌లో ఒక్కో ఎంపీ వెనుక సుమారు 25 లక్షల మంది, తెలంగాణలో సుమారు 20 లక్షల మంది ఉన్నారు. "మా ఓటు బరువు ఎందుకు తగ్గాలి?" అని అక్కడివాళ్లు అడగవచ్చు. "కుటుంబ నియంత్రణ పాటించినందుకు మా మాట ఎందుకు తగ్గాలి?" అని ఇక్కడివాళ్లు అడగవచ్చు. రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. అదే దీనిలోని కష్టం.

బయట ప్రపంచం కూడా ఇదే తిప్పలు పడింది. అమెరికా సెనేట్‌లో పెద్ద రాష్ట్రానికీ చిన్న రాష్ట్రానికీ రెండేసి సీట్లే. యూరోపియన్ పార్లమెంట్‌లో జర్మనీకి 96, చిన్న మాల్టాకు 6. ఇది మన మూడో పద్ధతికి దగ్గర. ఐక్యరాజ్యసమితిలో 193 దేశాలకు తలా ఒక ఓటు ఉన్నా, భద్రతా మండలిలో ఐదు దేశాలకు వీటో ఉంది.

చీటీ తీసే ముందే నియమాలు

తరగతిలో ఒక్క షరతు పెట్టాం. ఎవరు ఏ గ్రహం వాళ్లో చీటీలు తీయకముందే రాజ్యాంగం రాయాలి. అమెరికన్ తత్వవేత్త జాన్ రాల్స్ 1971లో రాసిన పుస్తకంలో ఇలాంటి ఆలోచనే చెప్పారు: సమాజంలో తన స్థానం ఏమిటో తెలియనివాడే న్యాయమైన నియమం రాయగలడని. మన ఇళ్లలో ఇది ఎప్పటినుంచో ఉంది. మామిడిపండు అన్న కోస్తే, ముక్క ముందుగా తీసుకునేది తమ్ముడు. అప్పుడు అన్న ఎంత సమానంగా కోస్తాడో మీకు తెలిసిందే.

ఇంట్లో మీరు చేయదగినది

ఒక ఆదివారం 'ఇంటి సభ' పెట్టండి. ముప్పావు గంట చాలు.

1. నిజంగా తేలాల్సిన విషయం ఒకటి తీసుకోండి. సెలవుల్లో ఎక్కడికి వెళ్లాలి, టీవీ ఏ వేళ ఎవరిది లాంటివి.
2. మొదట తలకో ఓటు వేయండి. ఎవరు ప్రతిసారీ ఓడిపోతున్నారో చూడమని పిల్లలకు చెప్పండి. చాలా ఇళ్లలో అది నానమ్మో తాతయ్యో అవుతారు.
3. నానమ్మ మాట కూడా అప్పుడప్పుడు నెగ్గేలా నియమం మార్చమని అడగండి. వంతులా? కొన్ని విషయాల్లో వీటోనా? నిర్ణయం పిల్లలే చెప్పాలి, మీరు అందించకండి.
4. సభలో లేనివాళ్లెవరని అడగండి. మీరు ఊరికి వెళ్తే వంటమనిషి జీతం ఆగుతుందా? డ్రైవర్ అన్నకు సెలవు దొరుకుతుందా? నిర్ణయం వాళ్ల మీదా పడుతుంది, ఓటు మాత్రం వాళ్లకు లేదు.

నాలుగో ప్రశ్నను దయచేసి వదలకండి. ఈ ప్రాజెక్టుకు ప్రాణం అదే. జూబ్లీహిల్స్ అనగానే బంగళాలు గుర్తొస్తాయి కానీ, జూబ్లీహిల్స్ అసెంబ్లీ నియోజకవర్గంలో బోరబండ, యూసుఫ్‌గూడ, రహమత్‌నగర్, ఎర్రగడ్డ కూడా ఉన్నాయి. ఒకే పేరు కింద ఎన్ని రకాల బతుకులున్నాయో పిల్లలకు మ్యాపులో చూపించండి. 2025 నవంబర్‌లో అక్కడ జరిగిన ఉప ఎన్నికలో ఓటర్లలో సగం మంది కూడా ఓటు వేయలేదు. సీట్లు ఎంత న్యాయంగా పంచినా, ఓటు వేయనివాడికి ఏ పద్ధతీ ప్రాతినిధ్యం ఇవ్వలేదు.

మన దేశంలో ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గింది 1989లో. ఈ రోజు 9వ తరగతిలో ఉన్న మీ పాప మరో నాలుగేళ్లలో వేలి మీద సిరా చుక్కతో మీ ముందు నిలబడుతుంది. ఈలోగా ఓడిపోయినవాళ్ల వైపు నుంచి కూడా ఆలోచించడం అలవాటైతే మా పాఠం ఫలించినట్టే.

పిల్లలు రాసిన రాజ్యాంగాలను వచ్చే పేరెంట్-టీచర్ మీటింగ్ రోజున ప్రదర్శనకు పెడతాం. మీరూ ఒక చీటీ తీసి, మీ గ్రహం తరఫున ఓటు వేయండి. నానమ్మలకు, తాతయ్యలకు ప్రత్యేక ఆహ్వానం.

– సోషల్ స్టడీస్ విభాగం