మాటిమాటికి వచ్చు పెదవి పొక్కులు
(సంఘ కూటములలో చదివి చర్చించుటకు పాఠము)



జ్వరము దిగునప్పుడు పెదవి అంచున చిన్న చిన్న నీటిపొక్కులు గుత్తిగా లేచుట మీలో అనేకులు చూచియుందురు. మూతి పేలినది గనుక ఇక జ్వరము పోయినట్టేనని పెద్దలు చెప్పుదురు. కొందరికి ఇది ఎప్పుడో ఒకసారి వచ్చి పోవును. కొందరికైతే ఏటేట, మరికొందరికి రెండు మూడు నెలలకొకసారి, అదే పెదవిమీద అదే చోట తిరిగి వచ్చును. పెద్దవారి ప్రాణము తీయు జబ్బు కాదు గనుక దీనిని గూర్చి ఎవరును మాటలాడరు. అయితే మూడు కారణములచేత మనము మాటలాడవలెను. మొదటిది, ఇది అంటుజబ్బు. రెండవది, పెద్దవారికి చిన్న బాధగానున్నది పురిటిబిడ్డకు ప్రాణాపాయము కాగలదు. మూడవది, తెలియనితనమువలన దీనిమీద మోపు నింద కొన్ని కాపురములలో పొక్కుకంటె ఎక్కువ మంట పుట్టించుచున్నది.

1. ఈ జబ్బు ఏమి?

దీనికి కారణము హెర్పిస్ సింప్లెక్స్ అను వైరసు. ఇందులో రెండు రకములు గలవు. మొదటి రకము ఎక్కువగా నోటిచుట్టు, రెండవ రకము ఎక్కువగా మర్మస్థానములయందు పొక్కులు కలిగించును. మనము ఇక్కడ ముఖ్యముగా మొదటి రకమును గూర్చి నేర్చుకొనుచున్నాము.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 50 ఏండ్ల లోపువారిలో సుమారు 380 కోట్లమంది, అనగా నూటికి 64 మంది శరీరములో ఈ మొదటి రకము వైరసు ఉన్నది. వారిలో ఎక్కువమందికి ఇది చిన్నతనములోనే అంటినది. తల్లి ముద్దు పెట్టుకొన్నప్పుడో, తాతయొక్క ఎంగిలి బిడ్డ నోటికి తగిలినప్పుడో వచ్చియుండును. చాలమందికి పొక్కు లేవనే లేవదు. తమలో వైరసు ఉన్నదని వారికి తెలియనే తెలియదు. కాబట్టి ఇది ఎవరికో వచ్చిన వింత జబ్బు కాదు.

దీనిని వేరు జబ్బులతో కలిపివేయకూడదు. నోటిలోపల, చెంపలకును నాలుకకును వచ్చు తెల్లని పుండ్లను నోటిపూత అందుము. అది సాధారణముగా అంటునది కాదు. పెదవుల మూలలు చీలుటకు రక్తహీనత, విటమినుల కొరత వంటి వేరు కారణములుండును. నడుముకో రొమ్ముకో ఒక ప్రక్కనే పట్టీవలె వచ్చు సర్పి, చిన్ననాడు ఆటలమ్మను కలిగించిన వైరసు మరల లేచుటవలన వచ్చునది. అదియు ఈ వైరసు కుటుంబములోనిదే గాని వేరైనది.

2. ఎందుకు తిరిగి వచ్చుచున్నది?

పొలములో తుంగను ఎరుగని రైతు లేడు. పైగడ్డిని కోసివేసినంతమాత్రమున అది చావదు. మట్టిలోని గడ్డ అట్లే యుండి, వాన పడగానే మరల మొలకెత్తును. ఈ వైరసు సంగతియు అట్టిదే. మొదటిసారి అంటినప్పుడు అది నరము వెంబడి లోనికి పోయి, పుర్రె లోపల చెవికి ముందు భాగముననున్న నరముల ముడిలో దాగుకొనును. అక్కడ నెలలు, ఏండ్లు నిద్రించును. అనుకూలమైన సమయము వచ్చినప్పుడు లేచి, అదే నరము వెంబడి క్రిందికి దిగి పెదవికి చేరును. అదే చోట మరల మరల పొక్కుటకు ఇదే కారణము.

దానిని మేలుకొలుపునవి ఇవి: జ్వరము, పడిసెము, మండుటెండ, అలసట, నిద్రలేమి, పెదవికి గాయము, స్త్రీలకు నెలసరి, మనోవేదన. కోతల కాలములో పగలంతయు ఎండలో వంగి పనిచేసి, రాత్రి సరిగా నిద్రలేనివారికి పెదవి పేలుట ఇందువలననే. ఆహారములో వేడి చేసినందున వచ్చినదనుకొని పత్యములు పట్టుటవలన ఈ వైరసు పోదు. శరీరమునకు బలమైన ఆహారము అక్కరయై యున్నప్పుడు పత్యముచేత దానిని క్షీణింపజేయకూడదు.

3. వచ్చినప్పుడు ఏమి చేయవలెను?

పొక్కు లేచుటకు కొన్ని గంటలు లేక ఒక దినము ముందు ఆ చోట చిమచిమలాడును, దురద పెట్టును, మండును. ఆ గురుతును కనిపెట్టుడి. తరువాత పొక్కులు లేచును, చిట్లి తడియగును, పక్కు కట్టును, ఊడిపోవును. ఇదంతయు సాధారణముగా 7 నుండి 10 దినములలో ముగియును, మచ్చ నిలువదు.

ఆ చోటును మంచినీళ్లతో శుభ్రముగా ఉంచుడి. చల్లని తడిగుడ్డను కొంతసేపు అద్దినయెడల మంట తగ్గును. పక్కు ఎండి చీలకుండ కొంచెము వాసెలిన్ రాయవచ్చును. నొప్పి ఎక్కువైనయెడల పారాసిటమాల్ చాలును. పులుపును కారమును ఆ దినములలో తగ్గించుడి. నీళ్లు, మజ్జిగ, గంజి బాగుగా త్రాగుడి.

దీనికి మందు కలదు. 1988 లో వైద్యశాస్త్రమునకు నోబెల్ బహుమానము పొందిన ముగ్గురిలో గెర్ట్రూడ్ ఎలియన్ అను స్త్రీ ఒకరు. ఎసైక్లోవిర్ అను మందు ఆమె పరిశోధనల ఫలముగా వచ్చినదే. ఈ మందు వైరసు పెరుగుటను ఆపును. అయితే నరములో నిద్రించు వైరసును అది చంపలేదు. మొలకను అణచును గాని గడ్డను పెరుకదు. కాబట్టి శాశ్వతముగా పోగొట్టెదమని చెప్పి డబ్బు గుంజువారిని నమ్మకుడి. చిమచిమ మొదలైన దినముననే మందు ప్రారంభించినయెడల మేలు. పక్కు కట్టిన తరువాత ప్రయోజనము బహు తక్కువ. మాటిమాటికి వచ్చువారు ముందుగానే వైద్యుని చూచి, మాత్రలు ఇంట ఉంచుకొనవచ్చునా అని అడుగవలెను. చాల తరచుగా వచ్చువారికి కొన్ని నెలలు ప్రతిదినము మాత్ర ఇచ్చి రాకుండ చేయు పద్ధతియు కలదు. మూత్రపిండముల జబ్బు ఉన్నవారు ఆ సంగతి తప్పక చెప్పవలెను.

4. ఏమి చేయకూడదు?

పొక్కును గిల్లకూడదు, సూదితో గ్రుచ్చకూడదు. సున్నము, జిల్లేడు పాలు, పొగాకు రసము వంటివి పూసినయెడల చర్మము కాలి పుండు పెద్దదగును. మందుల దుకాణములో పేరు తెలియని గొట్టము కొని రాయకుడి. స్టెరాయిడు కలిసిన పూతమందు ఈ వైరసుకు సహాయము చేయగలదు. యాంటీబయాటిక్ మాత్రలు వైరసును చంపవు. పుండులో చీము పట్టినప్పుడు మాత్రమే, వైద్యుడు చెప్పినయెడల అవి అవసరమగును.

రాకుండ కాపాడుకొనుటకు ఎండలోనికి పోవునప్పుడు తలగుడ్డగాని కొంగుగాని ముఖముపై నీడ పడునట్లు కట్టుకొనుడి. ఒక చిన్న పుస్తకములో పొక్కు లేచిన తేదీని, దానికి ముందు జరిగిన దానిని వ్రాయుడి. నాలుగైదు మారులు వ్రాసిన తరువాత మీ శరీరమునకు ఏది పడదో మీకే తెలియును.

5. పొరుగువారిని ఎట్లు కాపాడవలెను?

పొక్కు తడిగానున్నప్పుడు ఇది మిక్కిలి సులభముగా అంటును. పక్కు పూర్తిగా ఊడి చర్మము బాగగువరకు జాగ్రత్త అవసరము. పుండు లేనప్పుడును అప్పుడప్పుడు ఉమ్మిలో వైరసు ఉండవచ్చును. ఇది ముఖ్యముగా ముద్దువలనను ఉమ్మివలనను అంటును. గ్లాసు, చెంచా, తువ్వాలు, క్షౌరపు కత్తి, ఒకరు పీల్చి మరియొకరికిచ్చు చుట్ట — వీటిని ఆ దినములలో పంచుకొనకూడదు. చెంబు పైకెత్తి, పెదవి తగులకుండ నీళ్లు త్రాగు మన పెద్దల అలవాటు ఇక్కడ ఎంతో మంచిది. అయితే రోగిని వేరు గదిలో పెట్టనక్కరలేదు, అతని కంచమును జీవితకాలము వేరుచేయనక్కరలేదు. ఈ వైరసు చుట్టునున్న క్రొవ్వుపొర సబ్బుకు కరిగిపోవును. పాత్రలు సబ్బుతో కడిగినయెడల చాలును.

పురిటిబిడ్డను గూర్చి: ఈ పాఠములో మిగిలినదంతయు మరచినను దీనిని మరువకుడి. పుట్టిన మొదటి వారములలో బిడ్డకు ఈ వైరసు అంటినయెడల అది మెదడుకును కాలేయమునకును ప్రాకి ప్రాణము తీయగలదు. పెదవి పేలినవారు, నాయనమ్మయైనను మేనమామయైనను దీవించ వచ్చిన కాపరియైనను, ఆ బిడ్డను ముద్దు పెట్టుకొనకూడదు. ప్రేమను చేతులు జోడించి చూపవచ్చును. తల్లికే పొక్కు ఉన్నయెడల చేతులు సబ్బుతో కడుగుకొని, నోటికి గుడ్డ కట్టుకొని పాలు ఇయ్యవచ్చును; రొమ్ముమీద పొక్కు ఉన్నయెడల ఆ ప్రక్క పాలు ఇయ్యక వైద్యుని అడుగవలెను. బిడ్డ పాలు త్రాగకుండుట, సోలిపోవుట, జ్వరము, ఒంటిమీద నీటిపొక్కులు, ఫిట్లు కనబడినయెడల ఆ గంటలోనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. గర్భిణికి మర్మస్థానమున పొక్కులు ఎప్పుడైన వచ్చియుండినయెడల సిగ్గుపడక నర్సుకైన డాక్టరుకైన కాన్పుకు ముందే చెప్పవలెను.

కన్నును గూర్చి: పొక్కును తాకిన వ్రేలితో కన్ను నలుపకూడదు. కన్ను ఎర్రబారి నొప్పిపెట్టి, వెలుతురు చూడలేకపోయినయెడల వెంటనే కంటి వైద్యునియొద్దకు పోవలెను. నల్లగ్రుడ్డుపై పుండు పడి చూపు పోవచ్చును. స్వంతముగా కొనిన చుక్కలు, విశేషముగా స్టెరాయిడు చుక్కలు, వేయకూడదు.

ప్రభురాత్రి భోజనమును గూర్చి: ఒకే పాత్రలోనుండి త్రాగు సంఘములలో పెదవి పేలినవారు వెనుకకు పోయి కూర్చుండుట చూచుచున్నాము. వారు బల్లకు దూరముగా ఉండనక్కరలేదు. కాపరితో ముందుగా ఒక మాట చెప్పినయెడల వేరు చిన్న గ్లాసులో ఇయ్యవచ్చును. సంఘ పెద్దలు ఇట్టి గ్లాసులు కొన్ని ఎల్లప్పుడు సిద్ధపరచి, అడుగువారిని కారణము అడుగకుండ ఇచ్చినయెడల ఎవరికిని సిగ్గు కలుగదు.

6. ఎప్పుడు వైద్యునియొద్దకు పోవలెను?

పుండు రెండు వారములకు మానకపోయినను, చాల పెద్దదై లోతుగా పడినను, ఏటికి ఆరేడు మారులకు మించి వచ్చినను, నీళ్లు మ్రింగలేకపోయినను ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను. క్యాన్సరు చికిత్స పొందువారు, హెచ్.ఐ.వి. ఉన్నవారు, స్టెరాయిడు మాత్రలు చాలకాలముగా వాడువారు, చిన్ననాటనుండి గజ్జి వంటి చర్మవ్యాధి ఉన్నవారు పొక్కు కనబడగానే చూపించుకొనవలెను. జ్వరముతో తలనొప్పి, మతిచలనము, ఫిట్లు వచ్చినయెడల ఆలస్యము ప్రాణహాని. వెంటనే పెద్ద ఆసుపత్రికి చేర్చవలెను.

7. నిందను గూర్చి

భార్య పెదవిమీద పొక్కు చూచి భర్తయు, భర్త పెదవిమీద చూచి భార్యయు అనుమానపడు ఇండ్లు కలవు. ఎవరో సగము చదివి, ఇది చెడు నడతవలన వచ్చు జబ్బని చెప్పుదురు. ఆ మాట అబద్ధము. చిన్ననాడు అంటిన వైరసు ముప్పది ఏండ్లు నిద్రించి, పెండ్లియైన ఎన్నో ఏండ్లకు మొదటిసారి పొక్కు లేపవచ్చును. మర్మస్థానమున లేచిన పొక్కు సైతము ఎప్పుడు, ఎవరివలన అంటినదో దానిని చూచి చెప్పజాలము. వైద్యుడే చెప్పలేని దానిని పొరుగింటివారు ఎట్లు చెప్పుదురు? కాబట్టి పొక్కును సాక్ష్యముగా పెట్టి కాపురమును విడదీయకూడదు. భార్యాభర్తలిద్దరు కలిసి వైద్యునియొద్దకు పోయి వినవలెను.

యోబును చూడవచ్చిన స్నేహితులు కురుపులలో పాపము వెదకి తప్పిపోయిరి. పుట్టుగ్రుడ్డివాని విషయములో ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఆ లెక్కను త్రోసివేసెను. మనము ఆ లెక్కను మరల తెరువకూడదు.

ఈ బాధ మాటిమాటికి వచ్చువారికి ఒక మాట. ఒకసారి మానినది మరల వచ్చినప్పుడు మనస్సు క్రుంగును. పెండ్లికి పోవలెనన్నను, పదిమందిలో మాటలాడవలెనన్నను వెనుకాడుదురు. మనోవేదనయే దానిని మరల లేపగలదని చూచితిమి. పౌలు శరీరములోని ముల్లు తొలగిపోలేదు, అయినను ఆయన పని నిలువలేదు. సామాన్యముగా ఏండ్లు గడిచిన కొలది ఈ పొక్కులు వచ్చుట తగ్గును. అంతవరకు గురుతు కనిపెట్టి మందు వేసికొనుడి, చేతులు కడుగుకొనుడి, పసిబిడ్డలను కాపాడుడి, తల ఎత్తుకొని నడువుడి.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. పెదవి పొక్కులు అదే చోట తిరిగి వచ్చుటకు కారణమేమి?
2. మన సంఘములో బిడ్డ పుట్టిన ఇంటికి పోవువారు ఏ నియమము పాటించవలెను? దానిని ఎవరు, ఎట్లు మృదువుగా చెప్పవలెను?
3. ప్రభు బల్లయొద్ద ఎవరికిని సిగ్గు కలుగకుండ ఏ ఏర్పాటు చేయగలము?
4. ఒక జబ్బును చూచి నడతను తీర్పు తీర్చిన సందర్భములు మన గ్రామములో కలవా? ఇప్పుడు వారియెడల మనము చేయవలసినదేమి?