బుడ్డి లోపల బొమ్మ



ముక్కుపొడి మనకు కొత్త కాదు. మన ఊళ్లలో కొందరు పెద్దవాళ్లు రొండిన చిన్న డబ్బా దోపుకునేవారు. చిటికెడు పొడి తీసి ముక్కులో పీల్చేవారు. దాన్నే నశ్యం అంటారు. అది పొగాకు పొడి.

ఈ ముక్కుపొడి చైనా దేశానికి కూడా వెళ్లింది. అక్కడ దాని వల్ల ఒక చేతిపని పుట్టింది. ఆ సంగతి ఈ పాఠంలో చదువుదాం.

పొడి కోసం బుడ్డి

300 ఏళ్లకు ముందే ఐరోపా వాళ్లు చైనా రాజులకు ముక్కుపొడి కానుకగా తెచ్చారు. చైనా వాళ్లు ఆ పొడిని డబ్బాల్లో పెట్టుకోలేదు. చిన్న బుడ్లలో పోసుకున్నారు. మందుపొడులు బుడ్లలో దాచుకోవడం వారికి ముందునుంచే అలవాటు. బుడ్డి మూతికి బిరడా బిగిస్తే తేమ చేరదు. పొడి గడ్డ కట్టదు.

ఆ బుడ్డి 2, 3 అంగుళాల ఎత్తు ఉంటుంది. అరచేతిలో ఇమిడిపోతుంది. బిరడాకు లోపలివైపు చిన్న చెంచా ఉంటుంది. దానితో పొడి తీసుకుంటారు. మొదట ఈ బుడ్లు రాజుల దగ్గర, అధికారుల దగ్గర ఉండేవి. తరువాత మామూలు జనం కూడా వాడారు.

గీతలు చూపిన దారి

చైనాలో ఒక కథ చెప్పుకుంటారు. ఒకాయన గాజుబుడ్డిలో పొడి అయిపోయింది. కొత్తది కొనడానికి డబ్బు లేదు. ఒక సన్నని వెదురుపుల్ల తీసుకున్నాడు. బుడ్డి గోడలకు అంటిన పొడిని గోకాడు. లోపల గీతలు పడ్డాయి. ఆ గీతలు బయటినుంచి చక్కగా కనబడ్డాయి. అది చూసినవాడికి ఒక ఆలోచన వచ్చింది. “లోపల గీత గీయగలిగితే బొమ్మ కూడా వేయవచ్చు కదా!” అనుకున్నాడు.

ఇది కథే. నిజం ఎంతో చెప్పలేం. కాని ఈ పని మొదలై సుమారు 200 ఏళ్లు అయిందన్నది మాత్రం నిజం.

బొమ్మ ఎలా వేస్తారు?

గాజు నున్నగా ఉంటుంది. నున్నటి గాజు మీద రంగు నిలవదు. అందుకని బుడ్డిలో ఇసుక, చిన్న ఇనుప గుండ్లు, నీళ్లు పోస్తారు. చాలాసేపు గిలకొడతారు. లోపలి గోడ గరుకుగా, కాగితంలాగా అవుతుంది. అప్పుడు రంగు పట్టుకుంటుంది.

బుడ్డి మూతి చాలా సన్నం. పెన్సిలు దూరితే గొప్ప. వేలు దూరదు. మామూలు కుంచె దూరినా పక్కకు తిరగదు. అందుకని వెదురుపుల్ల కొసను వంచి కొక్కెంలాగా చేస్తారు. ఆ కొసను రంగులో ముంచుతారు. ఎడమచేత్తో బుడ్డి పట్టుకుంటారు. కుడిచేత్తో పుల్లను లోపలికి దింపుతారు. బయటినుంచి గాజులోకి చూస్తూ గీస్తారు. కుంచె మొన మన వైపుకే తిరిగి ఉంటుంది.

చెయ్యి కొంచెం వణికినా గీత చెడుతుంది. మంచి బొమ్మకు వారాలు పడతాయి. ఒక్కోసారి నెలలు కూడా పడతాయి. కొండలు, పూలు, పక్షులు, మనుషుల ముఖాలు, అక్షరాలు అన్నీ ఇలాగే వేస్తారు.

ముందు బొట్టు, తరువాత ముఖం

ఈ పనిలో అసలు కిటుకు ఇంకొకటి ఉంది.

మీరు కాగితం మీద ఒక ఆమె బొమ్మ వేస్తున్నారనుకోండి. ముందు ముఖానికి రంగు వేస్తారు. తరువాత నుదుట బొట్టు పెడతారు. చివరికి కళ్లు దిద్దుతారు. అవునా?

బుడ్డిలో అలా కుదరదు. మనం చూసేది బయటినుంచి. ముందు వేసిన రంగు గాజుకు అంటుకుని పైకి కనబడుతుంది. తరువాత వేసిన రంగు దాని వెనక్కి పోతుంది. ముందే ముఖానికి రంగు వేస్తే, తరువాత పెట్టిన బొట్టు కనబడదు. అందుకని ముందు బొట్టు పెట్టాలి. ముందు కంటిపాప వేయాలి. దాని తరువాత కంటి తెలుపు. ఆ తరువాత ముఖం. అందరికన్నా వెనక ఉన్న ఆకాశం చివరికి.

అంటే, మొదలుపెట్టే ముందే బొమ్మంతా మనసులో సిద్ధంగా ఉండాలి. ఒకసారి వెనక పడ్డది ముందుకు రాదు.

దాస్తే పోయేది, పంచితే నిలిచింది

పాతకాలం చైనాలో చాలా చేతిపనులకు ఒక కట్టుబాటు ఉండేది. పని గుట్టు కొడుకుకే చెప్పాలి. కూతురికి చెప్పకూడదు. ఎందుకని? ఆమె పెళ్లి చేసుకుని వెళితే పని కూడా అత్తింటికి పోతుందని భయం.

బీజింగ్ నగరంలో యె జోంగ్సాన్ అనే పేరున్న పనివాడు ఉండేవాడు. ఆయన తన ముగ్గురు కొడుకులకు ఈ పని నేర్పాడు. తరువాత యుద్ధాలు వచ్చాయి. కొనేవాళ్లు తగ్గారు. సిగరెట్లు వచ్చి ముక్కుపొడి వాడకమూ తగ్గింది. పని తెలిసినవాళ్లు కొద్దిమందే మిగిలారు. వాళ్లతోనే ఈ పని అంతరించిపోయేదే.

1950లలో ప్రభుత్వం ఆ అన్నదమ్ములను బీజింగ్‌లో పనిలో పెట్టుకుంది. వారు ఇంటి బయటివారికి కూడా నేర్పారు. అలా నేర్చుకున్నవారిలో వాంగ్ సీసాన్ ఒకడు. ఆయనది హెబెయ్ రాష్ట్రం. వంచడానికి వీలయ్యే లోహపు పుల్లకు వెంట్రుకలు కట్టి కొత్త కుంచె చేశాడు. దానితో పని తేలికైంది. తరువాత సొంత ప్రాంతానికి వెళ్లి, ఎంతోమందికి నేర్పాడు. ఆ ప్రాంతం పేరు హెంగ్‌షుయి. ఇప్పుడు అక్కడ ఈ పని చాలామందికి బతుకుతెరువు. వారిలో ఆడవాళ్లూ ఉన్నారు. 2006లో చైనా ప్రభుత్వం ఈ పనిని కాపాడుకోవలసిన కళల జాబితాలో చేర్చింది.

ఇప్పుడు ముక్కుపొడి బుడ్లే కాదు, గాజుగుండ్ల లోపల కూడా ఇలాగే బొమ్మలు వేస్తున్నారు. క్రిస్మస్ చెట్టుకు వేలాడదీయడానికి వాటిని చాలా దేశాలవాళ్లు కొంటారు.

చూశారా! గుట్టుగా దాచినంతకాలం ఆ పని నాలుగు గోడల మధ్యే ఉంది. నలుగురికి పంచాక నిలబడింది. చదువు కూడా అంతే.

ఒక మాట గుర్తుంచుకోండి

బుడ్డి అందమైనదే. అందులోని పొడి మంచిది కాదు. పొగాకును పీల్చినా, నమిలినా, కాల్చినా ముప్పే. అది అలవాటుపడితే వదలదు. పొగాకు కాన్సరు తెస్తుంది. చైనాలో ఇప్పుడు ఈ బుడ్లను పొడి కోసం కాదు, అందం కోసమే కొంటున్నారు.

కొత్త మాటలు

బిరడా – సీసా మూతికి బిగించే మూత
గరుకు – నున్నగా లేనిది
కిటుకు – పనిలోని ఉపాయం
కట్టుబాటు – అందరూ పాటించాలని పెట్టుకున్న నియమం
బతుకుతెరువు – జీవనానికి ఆధారం

చెప్పండి

1. బుడ్డిలో ఇసుక పోసి ఎందుకు గిలకొడతారు?
2. బుడ్డిలో ముఖం కన్నా ముందు బొట్టు ఎందుకు వేయాలి?
3. కూతురికి పని నేర్పకపోవడం వల్ల ఎవరికి నష్టం? మీరేమంటారు?
4. మీ ఊళ్లో ఏ చేతిపనులు ఉన్నాయి? చేసినవారికి ఎంత ముడుతుంది? బజారులో ఎంతకు అమ్ముతున్నారు? కేంద్రంలో అందరూ కలిసి మాట్లాడుకోండి.

చేసి చూడండి

గాజు వద్దు, చెయ్యి తెగుతుంది. అవతలివైపు కనబడే ప్లాస్టిక్ కాగితం ఒకటి తీసుకోండి. దాని మీద కుంకుమరంగుతో బొట్టు పెట్టండి. ఆరనివ్వండి. ఆ బొట్టు మీదుగా పసుపురంగుతో ముఖం వేయండి. ఆరాక కాగితం తిప్పి చూడండి. బొట్టు కనబడుతుందా?

అదే కాగితం మీద మీ పేరు రాయండి. తిప్పి చూడండి. అక్షరాలు ఎటు తిరిగాయి? తిప్పి చూసినప్పుడు పేరు సరిగా కనబడాలంటే ఎలా రాయాలి? ప్రయత్నం చేయండి.