ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్: ఫారం పాండ్‌లో వేసే ముందు దీని కథ తెలుసుకోండి

ఫారం పాండ్ వీడియో పెట్టినప్పటి నుంచి ఒకటే ప్రశ్న ఎక్కువగా వస్తోంది: "అన్నా, క్యాట్‌ఫిష్ వేస్తే ఎలా ఉంటుంది? చావదు, తొందరగా పెరుగుతుంది అంటున్నారు కదా?" చావదన్న మాట నిజమే. ఎందుకు చావదో తెలిస్తే మాత్రం వేయాలనిపించదు.

ఎక్కడి చేప ఇది?

శాస్త్రీయ నామం క్లారియస్ గారీపైనస్. దక్షిణాఫ్రికాలోని ఆరెంజ్ నదికి గారీప్ అని పాత పేరు. 1822లో బర్చెల్ అనే ప్రకృతి శాస్త్రవేత్త ఈ చేపకు ఆ నది పేరే పెట్టాడు. ఆఫ్రికాలో నైలు నుంచి ఆరెంజ్ దాకా చాలా నదుల్లో, చెరువుల్లో ఉంటుంది. ఒంటి మీద పొలుసులు ఉండవు. వెడల్పాటి తల, నోటి చుట్టూ నాలుగు జతల మీసాలు. అక్కడ మీటరున్నర పొడవు దాకా పెరుగుతుంది.

ఎందుకు చావదు?

అక్కడి నదులు వానాకాలంలో పొంగి మైదానాలను ముంచేస్తాయి. ఎండాకాలంలో మిగిలేవి బురద మడుగులే. ఆ నీళ్లలో ఆక్సిజన్ ఉండదు, మిగతా చేపలు తేలిపోతాయి. దీనికి మాత్రం మొప్పల పైన ఒక గది, అందులో కాలీఫ్లవర్ లాంటి కొమ్మల అవయవం ఉంటుంది. పైకొచ్చి గాలి మింగి దాంతో బతికేస్తుంది. మడుగు ఎండిపోతుంటే తడి బురదలో దూరి ఉంటుంది. నేల తడిగా ఉన్న రాత్రుల్లో ముందు రెక్కల ముళ్లు ఆనించుకుంటూ పక్క నీళ్లలోకి పాకిపోతుంది.

వేట ఎలా?

బోట్స్‌వానాలోని ఒకవాంగో డెల్టాలో ఏటా వరద తీసేటప్పుడు, జమ్ములో దాక్కున్న చిన్న చేపలు పాయల్లోకి వస్తాయి. అప్పుడు ఈ క్యాట్‌ఫిష్‌లు వందల్లో గుంపు కట్టి వేటాడతాయి. మిగతా రోజుల్లో పురుగులు, నత్తలు, కప్పలు, కుళ్లినవి, గింజలు, ఏది దొరికితే అది తింటుంది.

గుడ్లు ఎప్పుడు?

ఇది మనకు ముఖ్యమైన పాయింట్. వానలు పడి వరద వచ్చిన రాత్రి, కొత్తగా మునిగిన గట్ల మీది గడ్డికి వేల గుడ్లు అంటిస్తుంది. తల్లి కాపలా కాయదు. నీళ్లు వెచ్చగా ఉంటే ఒకటి, ఒకటిన్నర రోజుల్లో పిల్లలు వచ్చేస్తాయి.

ఇప్పుడు మన కుంట సంగతి చూడండి. జులై, ఆగస్టులో పెద్ద వాన పడితే కుంట నిండి అలుగు పారుతుంది. మనకు అది మిగులు నీరు. దానికి అది గుడ్లు పెట్టే కబురు. కుంటలో నుంచి కాలువలోకి, అక్కడి నుంచి చెరువులోకి పోతే ఇక వెనక్కి తేలేం. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల పార్కులో దూరిన వీటిని పట్టి తీయడానికి ఇప్పటికీ తిప్పలు పడుతున్నారు.

నా అనుభవం

డిప్లొమా చదివి కూడా నేను మోసపోయాను. ఒక వ్యాపారి "నాటు మార్పు పిల్లలు" అని అమ్మితే కుంటలో వదిలాను. ఆరు నెలలకే కొన్ని కిలో దాటాయి, ఒంటి మీద బూడిదరంగు మరకలు తేలాయి. అప్పుడు అర్థమైంది. అప్పటికే కుంటలో తోకకప్పలు లేవు, చిన్న చేపలు లేవు. మందు కొట్టని మన వరిలో పురుగును తినేవి ఆ కప్పలే కదా! వానలు రాకముందే ఇంజన్ పెట్టి నీళ్లు తోడించాను. బురద తవ్వి ఒక్కొక్కటీ ఏరి పూడ్చాం. అయినా ఆ ఏడాది కప్పల అరుపు లేదు.

గుర్తుంచుకోండి

మన దేశంలో ఈ చేప పెంపకం నిషేధం. మన నాటు మార్పు వేరు. అది గోధుమరంగులో ఉంటుంది, ఇంత పెద్దది కాదు, పైగా అంతరించే ప్రమాదంలో ఉంది. పిల్లలుగా ఉన్నప్పుడు రెండింటినీ తేడా పట్టడం కష్టం. కాబట్టి ఎక్కడి సీడో తెలియకుండా కొనొద్దు. ప్రభుత్వ చేపపిల్లల కేంద్రం నుంచి బొచ్చె, శీలావతి తెచ్చుకోండి.

చేప తప్పేం లేదు. నైజీరియాలో వేలమంది రైతులకు అదే బతుకుదెరువు. దాని నదిలో అది ఉండాలి, మన కుంటలో మన చేప ఉండాలి, అంతే. అలుగు దగ్గర వల ఎలా కట్టుకోవాలో పై వీడియోలో చూపించాను. మీ కుంటలో ఏ చేపలు ఉన్నాయో కామెంట్‌లో రాయండి.