బోల్ట్ పట్టింది కదా అని పుల్లీ బిగించకండి

ఢిల్లీ మాయాపురిలో గానీ కశ్మీరీ గేట్‌లో గానీ పాత పుల్లీ అమ్మే ప్రతివాడూ చెప్పే మాట ఒకటే: "సేమ్ టు సేమ్ హై, లగ్ జాయేగా." చాలాసార్లు పడుతుంది కూడా. వారం తర్వాత బెల్ట్ కీచుమంటే మాత్రం కస్టమర్ అతని దగ్గరికి వెళ్లడు, మీ బే దగ్గరికే వస్తాడు. జాబ్ కార్డ్ మీద ఉన్నది మీ పేరే.

ఎన్‌సీఆర్ వర్క్‌షాపుల్లో ఈ చిక్కు 1.3 డీజిల్‌తో ఎక్కువ. ఫియట్ డిజైన్ చేసిన ఈ 1248 సీసీ ఇంజిన్ మానేసర్‌లో కూడా తయారైంది. స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, పుంటో, టాటా విస్టా అన్నిటిలోనూ అదే. మారుతీ 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు ఆపేసింది. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీ ఎన్‌సీఆర్‌లో తిరగకూడదని సుప్రీంకోర్టు 2018లో చెప్పాక, తర్వాత రూల్స్ ఎటు మారినా, విప్పిన సామాను బజారుకు బాగానే చేరింది. అందుకే ఏ సంవత్సరం పుల్లీ ఏ బండికైనా వేసేద్దామనిపిస్తుంది. బ్లాక్ ఒకటే అయినా ముందున్న బెల్ట్ సామాను ఒకటే అని నమ్మకండి. 2015లో వచ్చిన సియాజ్ ఎస్‌హెచ్‌వీఎస్ చూడండి. సిగ్నల్ దగ్గర ఆగిన ఇంజిన్‌ను అందులో బెల్ట్ ద్వారానే మళ్లీ స్టార్ట్ చేస్తారు. అంటే బెల్ట్ మీద లోడ్ రెండు వైపులా పడుతుంది. అలాంటి బండి టెన్షనర్‌నూ, మామూలు బండి టెన్షనర్‌నూ కలపడం తెలివి తక్కువ పని.

ముందు సైజు కొలవండి. క్రాంక్ పుల్లీ 150 మి.మీ., ఆల్టర్నేటర్ పుల్లీ 60 మి.మీ. అనుకుందాం. ఇంజిన్ ఒక చుట్టు తిరిగితే ఆల్టర్నేటర్ రెండున్నర చుట్లు తిరుగుతుంది. ఐడిల్ 800 అయితే అక్కడ 2000. ఇప్పుడు వేరే మోడల్‌దని 68 మి.మీ. పుల్లీ వేశారు. అదే ఐడిల్‌లో ఆల్టర్నేటర్ స్పీడ్ 1765 దగ్గరికి పడిపోతుంది. చార్జింగ్ ఎక్కువగా దెబ్బతినేది ఈ తక్కువ స్పీడ్‌లోనే. జూన్ నెలలో ధౌలా కువా జామ్‌లో ఏసీ, ఫ్యాన్, లైట్లు అన్నీ వేసి గంట నిలబడితే బ్యాటరీ దిగిపోతుంది. కస్టమర్ బ్యాటరీ మారుస్తాడు, మళ్లీ దిగుతుంది. పుల్లీ సంగతి ఎవరికీ తట్టదు.

గాళ్ల లెక్క కూడా చూడాలి. 5పీకే పుల్లీ మీద 6పీకే బెల్ట్ వేస్తే బెల్ట్ రిబ్ ఒకటి బయట వేలాడి చీలుతుంది. గాళ్లు సరిపోయినా పుల్లీ రెండు మి.మీ. లోపలికో బయటికో కూర్చుంటే బెల్ట్ అంచు తినేస్తుంది. పుల్లీల ముఖాల మీద స్టీల్ స్కేల్ ఆనించి చూడటానికి నిమిషం పట్టదు. కొన్ని ఆల్టర్నేటర్ పుల్లీల లోపల వన్‌వే క్లచ్ ఉంటుంది. రోటర్ కదలకుండా పట్టుకుని పుల్లీని తిప్పితే ఒక వైపు ఫ్రీగా, రెండో వైపు బిగుసుకుని ఉంటుంది. దాని స్థానంలో ఖర్చు తగ్గుతుందని మామూలు పుల్లీ వేస్తే టెన్షనర్ టకటకలాడుతూ తొందరగా పోతుంది.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది క్రాంక్ పుల్లీ. మధ్యలో రబ్బరు ఉంటే అది క్రాంక్ మెలికపడే వైబ్రేషన్‌ను మింగే డ్యాంపర్ అన్నమాట. పాత ముక్కలో రబ్బరు గట్టిపడి పగిలి, బయటి రింగ్ జారిపోతూ ఉంటుంది. బిగించాక హబ్ నుంచి రింగ్ దాకా తెల్ల పెయింట్‌తో ఒక గీత గీయండి. నడిపి వచ్చాక గీత రెండుగా విరిగి కనిపిస్తే ఆ ముక్క తీసేయండి. రింగ్ మీద టైమింగ్ మార్క్ ఉంటే అదీ అబద్ధం చెబుతుంది. కరోల్ బాగ్‌లో దొరికే తేలికపాటి అల్యూమినియం పుల్లీ పికప్ పెంచుతుందని కుర్రకారు మోజు పడతారు. రబ్బరు లేని ఆ ముక్కను డీజిల్ ఇంజిన్‌కు నేనైతే వేయను.

సాయంత్రానికి డెలివరీ కావాలని సూపర్‌వైజర్ ఒత్తిడి చేస్తాడు, అది మామూలే. వాదన పెట్టుకోకండి. పాత పార్ట్ నంబర్, కొత్త పార్ట్ నంబర్, కొలతలు, "యూజ్డ్ పార్ట్, కస్టమర్‌కు చెప్పాం" అని జాబ్ కార్డ్‌లో రాసి సంతకం తీసుకోండి. కంపెనీ క్యాటలాగ్‌లో ఆ నంబర్ బదులు వేరే నంబర్ వచ్చిందేమో పార్ట్స్ కౌంటర్‌లో అడగండి. ఒకోసారి సరైన కొత్త ముక్క రెండు రోజుల్లోనే వస్తుంది.

క్రాంక్ బోల్ట్ మాన్యువల్‌లో మార్చమంటే కొత్తదే వేసి, టార్క్ రెంచ్‌తోనే బిగించండి. బండి అప్పగించే ముందు ఐడిల్‌లో ఏసీ, హెడ్‌లైట్లు వేసి బ్యాటరీ దగ్గర వోల్టేజ్ కొలవండి. 13 వోల్ట్‌ల కిందికి వస్తే గేట్ పాస్ ఇవ్వకండి.